యాభై రాష్ట్రాలు, రెండున్నర వేల కార్డులు

(ఆదివారం ఉదయం తెలుగు కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగానికి అక్షర రూపం)

ఈ మైకు ముందు కూర్చుని నేను సాధారణంగా మాట్లాడేది వీసాల గురించో, ట్యాక్సుల గురించో. ఇవాళ పోస్టు కార్డుల గురించి మాట్లాడతానంటే మా ఆవిడ నవ్వింది. "రోజంతా సర్వర్లతో కుస్తీ పట్టే మనిషివి, నీకు కార్డుల గోల ఏమిటి?" అంది. ఏమిటో చెబుతాను, వినండి.

మేం ఒమాహాలో ఉంటాం. మా అమ్మాయి మూడో తరగతి. క్రిందటి సెప్టెంబరులో స్కూలు నుంచి ఒక కాగితం తెచ్చింది. ఈ ఏడాది మన క్లాసు దేశంలోని మిగతా 49 రాష్ట్రాల్లో ఒక్కో క్లాసుకి ఒక్కో పోస్టు కార్డు రాస్తుంది, వాళ్ళందరూ మనకి రాస్తారు, వీలైన తల్లితండ్రులు కార్డులో, బిళ్ళలో పంపండి, అని. మీలో చాలామంది ఇళ్ళకి ఇలాంటి కాగితం వచ్చే ఉంటుంది. వచ్చినప్పుడు ఇరవై బిళ్ళలు కొనిచ్చేసి మరిచిపోయి ఉంటారు. నేనూ మొదట అదే చేశాను.

ఇది ఎలా నడుస్తుందో ముందు చెబుతాను. వేసవి సెలవులు ముగిసే ముందు ఎవరో ఒక టీచరు పూనుకుని రాష్ట్రానికి ఒకరు చొప్పున యాభై మంది టీచర్ల పేర్లు, స్కూలు చిరునామాలు, తరగతి ఒక స్ప్రెడ్‌షీటులో ఎక్కిస్తారు. యాభై నిండగానే ఆ జట్టు మూసేసి ఇంకో జట్టు మొదలుపెడతారు. ఫలానా తేదీలోపల అందరూ అందరికీ కార్డు పంపాలని ఒప్పందం. పై ఆఫీసు లేదు, గ్రాంటు లేదు, టీచర్ల మధ్య మాట మీద నడిచే వ్యవహారం.

నా బుర్ర ఊరుకోదు కదా, లెక్క వేశాను. యాభై మందిలో ప్రతి ఒక్కరూ 49 మందికి పంపితే 2,450 కార్డులు. నెట్‌వర్కుల వాళ్ళ భాషలో చెప్పాలంటే ఫుల్ మెష్ అన్నమాట. ఒక క్లాసుకయ్యే ఖర్చు మాత్రం పెద్దదేం కాదు. 2024 జులైలో కార్డు బిళ్ళ 56 సెంట్లు అయ్యింది. ఆ ధరకి 49 కార్డులంటే 27 డాలర్ల 44 సెంట్లు. తరవాత ధర ఇంకొంచెం పెరిగింది. అయినా ఒక కుటుంబం పిజ్జా తిని వచ్చే ఖర్చే. ఇరవై నాలుగు మంది పిల్లలున్న క్లాసయితే తలా రెండు కార్డులు, మిగిలిన ఒక్కటీ టీచరమ్మ వంతు.

అసలు తిప్పలు జట్టు నింపటంలో ఉంది. కాలిఫోర్నియా, టెక్సాస్ టీచర్లు కోకొల్లలు. వయోమింగ్ నుంచి ఒక్కరు దొరకటం గగనం. 2020 జనాభా లెక్కల్లో కాలిఫోర్నియాలో మూడు కోట్ల తొంభై అయిదు లక్షల మంది ఉంటే, వయోమింగ్ మొత్తం కలిపి ఆరు లక్షలు కూడా లేరు. మన దగ్గర ఒక మోస్తరు నగరంలో అంతకన్నా ఎక్కువ మంది ఉంటారు. అందుకని వయోమింగ్, వెర్మాంట్, డకోటాల టీచర్లు ఒకే ఏడాది నాలుగయిదు జట్లలో చేరి వందల కార్డులు రాయించటం కద్దు. పాపం, ఆ పిల్లల చేతులు!

ఈమెయిలు ఉండగా కార్డెందుకు అని నేనే అడిగాను, పేరెంట్-టీచర్ కాన్ఫరెన్సులో. ఆవిడ జవాబు చెప్పకుండా గోడకి ఉన్న అమెరికా పటం చూపించింది. ప్రతి కార్డు దగ్గర్నుంచీ ఒక ఊలు దారం ఆ ఊరి మీద గుచ్చిన పిన్నుకి. పిల్లలు కార్డు రాగానే ముందు చదివేది విషయం కాదట, జిప్ కోడు. మొదటి అంకె చూసి ఎటు పక్క నుంచి వచ్చిందో పందెం వేసుకుంటారు. 1963లో జిప్ కోడు పెట్టినప్పుడు తూర్పు నుంచి పడమరకి అంకెలు వేసుకుంటూ పోయారు. సున్నా అంటే న్యూజెర్సీ, మసాచుసెట్స్ వైపు. 3 అయితే జార్జియా, ఫ్లోరిడా. మనది 6. టెక్సాస్ 7. కాలిఫోర్నియా, అలాస్కా, హవాయి 9. నేను పద్నాలుగేళ్ళుగా ఈ దేశంలో ఉంటూ, అడ్రసు వాలిడేషన్ కోడు కూడా రాసి, ఈ సంగతి గమనించలేదు. పిన్ కోడుకీ అలాంటి పద్ధతే ఉందని తెలుసు. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకలకి 5 అని చిన్నప్పుడు ఎవరో చెప్పారు. ఇక్కడిది మాత్రం పిల్ల చెబితే తెలిసింది.

పిల్లలకి ఇంకో వింత ఏమిటంటే పక్క వీధికి పంపినా, అలాస్కాకి పంపినా బిళ్ళ ఒకటే. ఈ దేశంలో ఉత్తరాలకి దూరంతో నిమిత్తం లేకుండా ఒకే ధర 1863లో వచ్చింది. మన దేశంలో అంతకు తొమ్మిదేళ్ళ ముందే, 1854లో, అర్ధణాకి దేశంలో ఎక్కడికైనా ఉత్తరం వెళ్ళేది. పోస్టు కార్డు అనే వస్తువు మొదట పుట్టింది 1869లో ఆస్ట్రియా-హంగేరీలో. ఇక్కడికి 1873లో ఒక సెంటు కార్డుగా వచ్చింది. మనకి 1879లో కాణీకి.

కార్డంటే నాకు మా తాతయ్యే గుర్తొస్తారు. "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టి, చోటు చాలక అంచుల చుట్టూ తిప్పి రాసేవారు. ఆఖరి వాక్యం చదవాలంటే కార్డుని స్టీరింగులా తిప్పాలి. చావు కబురు కార్డయితే చదివి చింపేసేవారు, ఇంట్లో ఉంచేవారు కాదు. మా అమ్మాయికి ఇది చెబితే "మెసేజ్ డిలీట్ చేసినట్టా?" అంది. అంతేగా మరి.

బడుల మధ్య ఉత్తరాలు మాత్రం అమెరికా వాళ్ళు కనిపెట్టింది కాదు. ఫ్రాన్సులో సెలెస్తాఁ ఫ్రెనే అని ఒక పల్లెటూరి బడిపంతులు ఉండేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తులకి దెబ్బ తగిలి, ఎక్కువసేపు గొంతెత్తి పాఠం చెప్పలేకపోయేవాడు. అందుకని పిల్లల చేతే పని చేయించే దారి వెతికాడు. ఒక చిన్న అచ్చుయంత్రం కొని, వాళ్ళు రాసిన ముక్కలు వాళ్ళ చేతే అచ్చు వేయించాడు. అవి ఎవరు చదువుతారు? దక్షిణాన కొండల్లో ఉన్న తన బడి నుంచి, దేశం ఇంకో చివర బ్రిటనీ సముద్రతీరంలో ఉన్న ఇంకో బడికి పంపేవాడు, అక్కడి పంతులు అక్కడి పిల్లలవి పంపేవాడు. ఇది 1920లలో మాట. రాసినది టీచరు దిద్దటానికి కాక, ఎవరో ఊరూ పేరూ తెలియని పిల్లవాడు చదవటానికి అయ్యేసరికి పిల్లల రాతే మారిపోయిందని ఆయన అనుభవం. ఇక 1995లో కెనడాలో, ఒంటారియోలోని లండన్ ఊళ్ళో, డేల్ హ్యూబర్ట్ అనే మూడో తరగతి టీచరు ఫ్లాట్ స్టాన్లీ ప్రాజెక్టు మొదలుపెట్టాడు. 1964 నాటి పిల్లల కథలోని కాగితమంత పలచటి కుర్రాణ్ణి కత్తిరించి కవర్లో పెట్టి ఊళ్ళు తిప్పటం. మీ ఇంటికీ ఒకసారి వచ్చే ఉంటాడు!

సరే, నా నిర్వాకం చెప్పాలి. రెండో విడత కార్డులు నేను ప్రింటు చేయిస్తానని ముందుకు పోయాను. అందంగా ఉంటాయని అయిదూ ఏడు అంగుళాల సైజులో, నిగనిగలాడే దళసరి కాగితం మీద, ప్లాట్ నది మీద వాలే శాండ్‌హిల్ క్రేన్ పక్షుల బొమ్మ వేయించాను. కార్డు బిళ్ళ అంటించి పంపితే కొన్ని "పోస్టేజి డ్యూ" ముద్రతో వెనక్కొచ్చాయి. తప్పు నాదే. కార్డు ధర వర్తించాలంటే నాలుగుంపావు బై ఆరు అంగుళాలు దాటకూడదు. మూడున్నర బై అయిదు కన్నా చిన్నదీ కాకూడదు. దాటితే ఉత్తరం బిళ్ళ అంటించాలి. క్లాసంతా కూర్చుని ఒక్కో కార్డు మీద ఇంకో బిళ్ళ అంటించారు. మా అమ్మాయి రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

అప్పుడు తెలిసిన ఇంకో రెండు సంగతులు చెబుతాను, మీకు పనికొస్తాయి. చిరునామా ఉన్న వైపు అడుగున సుమారు ముప్పావు అంగుళం ఖాళీగా వదలండి. మిషను అక్కడ బార్ కోడు కొడుతుంది. మెరుపు పొడి, ఉబ్బెత్తు స్టిక్కర్లు వద్దు, మిషన్లో ఇరుక్కుంటాయి. పిల్లల కొక్కిరిగీతలు ఎవరు చదువుతారని బెంగ వద్దు. మిషనుకి అర్థం కాని చిరునామాల ఫొటోలు సాల్ట్ లేక్ సిటీ లాంటి కేంద్రానికి వెళతాయి, అక్కడ మనుషులు తెర మీద చూసి టైపు చేస్తారు. 1997 ప్రాంతాల్లో ఇలాంటి కేంద్రాలు 55 ఉండేవి. కంప్యూటర్లకి చేతిరాత చదవటం వచ్చినకొద్దీ ఒక్కొక్కటే మూతపడ్డాయి. మా వృత్తి వాళ్ళ పుణ్యమే!

ఇంకో జాగ్రత్త. కార్డు అందరూ చదవగలిగేది. పిల్లల ఇంటిపేరు, ఇంటి చిరునామా, ఫొటో ఉండకూడదు. మొదటి పేరు, స్కూలు చిరునామా, అంతే. మంచి టీచర్లు ఇది ముందే చెబుతారు. చెప్పకపోతే మీరే అడగండి.

ఇక మా ఇంటి సంగతి. మా అమ్మాయి పుట్టింది న్యూజెర్సీలో. నా ప్రాజెక్టు మారి, మూడో ఏట టెక్సాస్ వెళ్ళాం. రెండో తరగతి మధ్యలో అక్కణ్ణుంచి పీక్కుని ఇక్కడికొచ్చాం. కాంట్రాక్టు ఉద్యోగం, ఈ కథ మీకు కొత్త కాదు. కార్డులు పంచేటప్పుడు తను టెక్సాస్ కార్డు నాకు కావాలని పట్టుబట్టిందట. "మన రాష్ట్రం గురించి మూడు విషయాలు" అని టీచరు ఇచ్చిన నమూనా. మిగతా పిల్లలు మొక్కజొన్న, లింకన్ ముఖ్యపట్టణం, 1872లో మొదటి ఆర్బర్ డే ఇక్కడే జరిగింది, అని రాశారు. మా అమ్మాయి ఒక్కటి రాసి, మిగతా చోటంతా టెక్సాస్ గురించే రాసింది. నేను అక్కడే చదివాను, మా స్కూలు వెనకాల వాగు ఉండేది, తాబేళ్ళు ఉండేవి, మీ స్కూలు వెనక కూడా వాగు ఉందా, అని. కింద చోటు చాలక అంచు చుట్టూ తిప్పి రాసింది. తాతయ్య సంగతి అప్పటికి నేను చెప్పలేదు, నిజం.

తరవాత రోజూ జవాబు కోసం చూడటం. ఈ మార్పిడిలో జవాబులుండవు, ఎవరి కార్డు వారు పంపటమే. యూడీపీ ప్యాకెట్ లాంటిదమ్మా, అందిందని ఎవరూ చెప్పరు, అని నేను తెలివిగా వివరించబోయాను. ఆ పిల్ల మొహం చూస్తే నా మీద నాకే కోపం వచ్చింది. ఒకరోజు టెక్సాస్ కార్డు వచ్చింది. బ్లూబానెట్ పువ్వులు, ఆలమో కోట, ముఖ్యపట్టణం ఆస్టిన్. వాగు ఊసే లేదు. స్కూల్లో ఏడవలేదు గానీ కారెక్కాక ఏడ్చింది.

మర్నాడు తనే చల్లబడింది. కార్డు మీద పోస్టు ముద్ర తేదీ చూసిందట. "నాన్నా, నేను పంపడానికి ముందే వాళ్ళు పంపారు. నా కార్డు చదవకుండానే రాశారు, అందుకే చెప్పలేదు," అంది. లాగ్ ఫైలులో టైమ్ స్టాంపులు చూసి తప్పు పట్టుకోవటం నా ఉద్యోగం. నాకు తట్టలేదు చూశారా.

ఇది విని వాళ్ళ టీచరు అక్కడి టీచరుకి కబురు పెట్టి, ఇంకో కార్డు పంపనిచ్చింది. మూడు వారాలకి జవాబు వచ్చింది. పెన్సిలు రాత, రెండే వాక్యాలు. మా స్కూలు వెనక వాగు లేదు, కార్ పార్కింగు ఉంది. కానీ ఒకసారి దాంట్లోకి తాబేలు వచ్చింది. ఆ కార్డు పటం దగ్గర పెట్టటానికి ఇవ్వనంది. ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఉంది.

ఏడాది చివరికి 47 రాష్ట్రాల కార్డులు వచ్చాయి. వయోమింగ్ అందరికన్నా ముందే వచ్చింది. రెండు రాష్ట్రాలు ఎగ్గొట్టాయి, వాటి పేర్లు చెప్పి తగవు పెట్టను.

మొన్న అన్నం తింటూ మా అమ్మాయి "నాలుగో క్లాసులో మనం ఏ స్టేట్ గురించి రాస్తాం?" అని అడిగింది. క్లయింటు కాంట్రాక్టు ఇంకో ఆరు నెలలు పొడిగించారు. ఆ పైన ఏమిటో తెలియదు, తెలియదనే చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే ఇక్కడ ఉన్నప్పుడే క్రేన్లు చూసొద్దాం," అంది. మార్చిలో కెర్నీ దగ్గర లక్షల్లో వాలతాయట. ఒమాహా నుంచి మూడు గంటల దారి. వచ్చేవాళ్ళుంటే చెప్పండి, రెండు కార్లలో వెళదాం.

మీ పిల్లల క్లాసులో ఇది లేకపోతే టీచరుతో ఒక మాట అని చూడండి. జట్లు జులై, ఆగస్టుల్లో నిండుతాయి, ఆలస్యం చేస్తే మన నెబ్రాస్కా చోటు ఇంకొకరు పట్టేస్తారు. బిళ్ళలు మీరు కొనిపెడతానంటే కాదనే టీచరుని నేనింతవరకు చూడలేదు. కార్డు సైజు మాత్రం మరిచిపోకండి, నాలుగుంపావు బై ఆరు. ఉంటాను, నమస్కారం.