దత్తాంశనిధులలో అనుక్రమణిక: అనుపలబ్ధి విచారం

కాత్యాయనుని సర్వానుక్రమణి ఋగ్వేదంలోని ప్రతి సూక్తానికి ప్రతీకను, ఋక్సంఖ్యను, ఋషి దేవతా ఛందస్సులను తెలుపుతుంది. కంప్యూటరు దత్తాంశనిధికి కూడ ఇట్టి అనుక్రమణిక కలదు. సిస్టమ్ కేటలాగు అని దాని వ్యవహారం. ఇది నిధికి వెలుపల ఎవరో కూర్చినది కాదు. నిధిలోనే పట్టికల రూపంలో ఉండి, కొత్త పట్టిక ఏర్పడగానే తానే దానిని నమోదు చేసుకొంటుంది. 1970లో సంబంధాత్మక నమూనాను ప్రతిపాదించిన ఎడ్గర్ కాడ్, 1985లో ప్రకటించిన నియమాలలో నాల్గవది ఇదే: నిధిస్వరూప వర్ణన సైతం సామాన్య దత్తాంశం వలె, అదే భాషతో ప్రశ్నింపదగినదై ఉండాలి. 1992 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో దీనికి ఇన్ఫర్మేషన్ స్కీమా అనే రూపం ఏర్పడింది.

ఒక వ్రాతప్రతుల భాండాగారపు నిధిలో నూరు పట్టికలున్నాయనుకొంటే, గ్రంథకర్తల గుర్తింపు సంఖ్యలను మార్చవలసి వచ్చినప్పుడు అవి ఏయే పట్టికలలో ఉన్నవో ముందుగా తెలియాలి. ఒక్క పట్టిక విస్మృతమైనా అందలి ప్రతులు కర్తృహీనాలవుతాయి, లేదా అన్యకర్తృకాలవుతాయి. ప్రశ్న మాత్రం చిన్నది:

సెలెక్ట్ టేబుల్_నేమ్ ఫ్రమ్ ఇన్ఫర్మేషన్_స్కీమా.కాలమ్స్ వేర్ కాలమ్_నేమ్ = 'కర్త_సంఖ్య'

ఆ పేరుగల నిలువు వరుస ఉన్న పట్టికలన్నీ సమాధానంగా వస్తాయి. పట్టికలతోపాటు వ్యూలనబడే కల్పిత పట్టికలు కూడ వస్తాయి గనుక వాటిని వేరుచేయాలి.

సమాధానం శూన్యమైనచో ఏమనాలి? భాట్టమీమాంసకులు అనుపలబ్ధిని ప్రమాణంగా అంగీకరించినా, ఉంటే కనబడి తీరవలసిన వస్తువు విషయంలోనే, అనగా యోగ్యానుపలబ్ధినే, అంగీకరించారు. ఇక్కడ ఆ యోగ్యత తరచు లోపిస్తుంది. ఇన్ఫర్మేషన్ స్కీమా ప్రశ్నించువానికి అధికారమున్న వాటినే చూపుతుంది. తక్కినవి ఉండియు కనబడవు. ఒరాకిల్‌లో ఆ స్కీమాయే లేదు, ఆల్_టాబ్_కాలమ్స్‌ను అడగాలి. అదియు అధికారపరిమితమే, సర్వమూ చూపునది డీబీఏ_టాబ్_కాలమ్స్. రోమను లిపిలో ఉద్ధరణ చిహ్నాలు లేకుండ ఇచ్చిన పేర్లను ఒరాకిల్ పెద్దక్షరాలుగాను, పోస్ట్‌గ్రెస్ చిన్నక్షరాలుగాను భద్రపరుస్తాయి. అందువల్ల ఒకచోట ఫలించిన ప్రశ్నయే మరొకచోట విఫలమవుతుంది. లైక్ అనే పదంతో వెదకినప్పుడు అధోరేఖ ఏ అక్షరానికైనా సరిపోవడం దీనికి విపరీతదోషం: అక్కరలేనివి వచ్చి చేరతాయి.

అన్నిటికంటె క్లిష్టమైనది నామభేదం. ఒక పట్టికలో 'కర్త_సంఖ్య', వేరొకదానిలో 'కవి_సంఖ్య' అని ఉంటే అనుక్రమణిక ఆ ఏకార్థతను ఎరుగదు. పరకీయ కీలక నిబంధనలు నమోదై ఉంటే వాటి ద్వారా కొంత తెలుస్తుంది. లేనిచోట పట్టికలను తెరచి చూడవలసినదే.