పది వేల అడుగులు వేయలేకపోతున్నారా?

ముక్త్యాలలో కృష్ణ ఒడ్డు దాకా నడిచొచ్చి, ఫోన్లో అంకె పది వేలకు చేరలేదని నిరుత్సాహపడుతున్నారా? అక్కర్లేదు. ఆ లెక్క వైద్యులు పెట్టింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన ఓ అడుగుల మీటరు పేరు ‘మాంపో కేయ్’. అంటే ‘పది వేల అడుగుల మీటరు’. ఆ పేరే క్రమంగా నియమమైపోయింది.

మరి ఎంత నడిస్తే మేలు? అమెరికాలో సుమారు 17 వేల మంది పెద్ద వయసు మహిళలను పరిశీలించిన అధ్యయనం 2019లో వెలువడింది. రోజుకు 2,700 అడుగులు వేసేవారి కంటే 4,400 వేసేవారిలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా కనిపించలేదు.

నడక గుండెకే కాదు, మెదడుకూ మంచిదే. వారానికి మూడు రోజులు, 40 నిమిషాల చొప్పున ఏడాదిపాటు నడిచిన పెద్దల్లో జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్ 2 శాతం పెరిగిందని 2011లో తేలింది. నడిచేటప్పుడు కొత్త ఆలోచనలు ఎక్కువగా వస్తాయని 2014లో స్టాన్‌ఫోర్డ్ మనస్తత్వ పరిశోధకులు గుర్తించారు.

ఇలా చేయండి
• భోజనం తర్వాత 15 నిమిషాలు నడవండి. రక్తంలో చక్కెర అదుపులో ఉంటుంది.
• జగ్గయ్యపేట, నందిగామ ఎండలు తెలిసినవే. వేసవిలో పొద్దెక్కకముందే ముగించండి.
• మధుమేహం ఉంటే చెప్పుల్లేకుండా నడవొద్దు. ఇన్సులిన్ వాడేవారు డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టాలి.
• ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే వెంటనే ఆగి, ఆసుపత్రికి వెళ్లండి.

ఈ రాత్రి భోజనమయ్యాక టీవీ పెట్టకుండా, నాన్ననో అత్తయ్యనో వెంటబెట్టుకుని వీధి చివరిదాకా వెళ్లిరండి. మొదటి రోజుకు అది చాలు.