పాత లెన్సు కొంటున్నారా? ముందు ఇవి చూస్కోండి!

ఫొటోగ్రఫీని కెరియర్‌గా ఎంచుకుందామనుకునే విద్యార్థులకు మొదట ఎదురయ్యే చిక్కు ఖర్చే. కష్టపడి సెకండ్‌హ్యాండ్‌లో ఒక మిర్రర్‌లెస్ కెమెరా కొంటారు. దాంతో వచ్చిన కిట్ లెన్సు మసక వెలుతురులో తేలిపోతుంది. మంచి లెన్సు కొందామంటే కెమెరా కంటే దాని ధరే ఎక్కువ! అప్పుడే చాలామంది దృష్టి 50, 60 ఏళ్ల నాటి రేంజ్‌ఫైండర్ లెన్సుల మీద పడుతుంది. చిన్నవి, గట్టివి, కొన్ని బాగా చౌక కూడా. మరి కొనొచ్చా? కొనొచ్చు. అయితే అది ఏ పనికి వస్తుందో, దేనికి రాదో ముందే తెలియాలి. లేదంటే దాచుకున్న డబ్బు అల్మారాలో అలంకారమవుతుంది.

ఏమిటీ లెన్సులు?
కెమెరాలో ఒక చిన్న కిటికీలోంచి చూస్తూ, రెండుగా కనిపించే బొమ్మను ఒకటిగా కలిపి ఫోకస్ చేసే పద్ధతే రేంజ్‌ఫైండర్. లైకా సంస్థ 1932లో తెచ్చిన ‘లైకా 2’తో ఇది బాగా పేరు తెచ్చుకుంది. ఈ కెమెరాల్లో డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఉండే అద్దం ఉండదు. కాబట్టి లెన్సు ఫిల్మ్‌కు చాలా దగ్గరగా కూర్చుంటుంది. మొదట్లో ఈ లెన్సులను మరలా తిప్పి బిగించేవారు. దీన్నే ఎల్‌టీఎం లేదా ఎం39 అంటారు. 1954లో లైకా ఎం3తో ‘ఎం’ మౌంట్ వచ్చింది.

మీ కెమెరాకు సరిపోతుందా?
లెన్సు అంచు నుంచి సెన్సర్ వరకు ఉండాల్సిన దూరమే ఇక్కడ కీలకం. లైకా ఎం లెన్సుకు అది 27.8 మిల్లీమీటర్లు, మరలెన్సుకు 28.8. సోనీ ఈ మౌంట్‌లో ఈ దూరం 18, నికాన్ జడ్‌లో 16, కెనాన్ ఆర్‌ఎఫ్‌లో 20, ఫూజీ ఎక్స్‌లో 17.7 మి.మీ. మిగిలిన ఖాళీని అడాప్టర్ రింగు భర్తీ చేస్తుంది. అందుకే మిర్రర్‌లెస్ కెమెరాలన్నిటికీ ఇవి దాదాపుగా సరిపోతాయి. డీఎస్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్లు మాత్రం ఆశ వదులుకోవాల్సిందే. నికాన్ ఎఫ్ మౌంట్‌లో ఈ దూరం 46.5 మి.మీ. లెన్సును అంత లోపలికి దించడం కుదరదు.

మరో సంగతి.. మీది ఏపీఎస్‌-సీ సెన్సర్ అయితే 50 ఎంఎం లెన్సు 75 ఎంఎంలా కనిపిస్తుంది. మనుషుల పోర్ట్రెయిట్లకు బాగుంటుంది కానీ, ఇరుకు గదిలో ఇబ్బందే.

మొదటిది ఏది?
50 ఎంఎంతో మొదలుపెట్టండి. ఈ కొలతలో లెన్సులు ఎక్కువగా దొరుకుతాయి. డిజిటల్ సెన్సర్ మీద ఇబ్బంది పెట్టేవీ తక్కువే. సోవియట్ కాలపు జూపిటర్‌-8 (50 ఎంఎం, ఎఫ్/2) జర్మనీకి చెందిన జైస్ సొనార్ డిజైన్ ఆధారంగా తయారైంది. చౌకగా దొరికే వాటిలో ఇదొకటి. ఇండస్టార్‌-61 దానికంటే కొంచెం చీకటిది (ఎఫ్/2.8) కానీ, స్పష్టత బాగుంటుంది. మరికొంత ఖర్చు పెట్టగలిగితే జపాన్‌లో తయారైన కెనాన్ 50 ఎంఎం ఎఫ్/1.8 చూడొచ్చు. లైకా పేరున్నవి ఇప్పుడే వద్దు.

పాత వైడ్ లెన్సుల జోలికి మాత్రం తొందరపడి వెళ్లకండి. వాటి వెనక గాజు సెన్సర్‌కు బాగా దగ్గరగా వస్తుంది. వెలుతురు ఏటవాలుగా పడి, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాల్లో మూలలు అలుక్కుపోయినట్లు వస్తాయి. జూపిటర్‌-12 (35 ఎంఎం) వెనక భాగం మరీ లోపలికి దూసుకొస్తుంది. కొన్ని కెమెరాల్లో లోపలి భాగాలకు తగిలే ప్రమాదం ఉంది.

కొనే ముందు..
* ‘ఎం39’ అని రాసి ఉంటే చాలదు. పాత జెనిట్ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల లెన్సులకూ అదే మర ఉంటుంది, దూరం మాత్రం వేరు. ఇదే అడాప్టర్‌తో పెడితే ఫోకస్ సరిగ్గా కుదరదు. జూపిటర్‌-8లోనే కీవ్ కెమెరాల మౌంట్‌తో వచ్చినవీ ఉన్నాయి. అమ్మేవాళ్లను లెన్సు వెనక వైపు ఫొటో అడగండి.
* ఫోన్ టార్చ్‌ను ఒక వైపు నుంచి లెన్సులోకి వేసి చూడండి. సాలెగూడులా దారాలు కనిపిస్తే ఫంగస్. పొగమంచులా ఉంటే హేజ్, ఫొటో వెలిసిపోయినట్లు వస్తుంది. ముందు గాజు మీద ఒకటి రెండు గీతలున్నా పెద్దగా నష్టం లేదు, వెనక గాజు మీద గీతలుంటే వద్దనండి.
* ఫోకస్ రింగు మొదటి నుంచి చివరి వరకు తిప్పి చూడండి. గ్రీజు ఎండిపోయినవి బిగుసుకుపోతాయి. సర్వీసింగ్ ఖర్చు ఒక్కోసారి లెన్సు ధరను మించిపోతుంది.
* విదేశాల నుంచి తెప్పించుకుంటే షిప్పింగ్, కస్టమ్స్ సుంకం కలిపి లెక్కేసుకోండి.

విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఉండేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. తేమకు ఫంగస్ త్వరగా పడుతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి దాచుకోండి.

ఎలా వాడాలి?
కెమెరా ఈ లెన్సును గుర్తించదు. ముందు మెనూలో ‘రిలీజ్ వితౌట్ లెన్స్’ ఆన్ చేయాలి. ఫూజీలో దీని పేరు ‘షూట్ వితౌట్ లెన్స్’. కెమెరాలోనే స్టెబిలైజేషన్ ఉంటే ఫోకల్ లెంగ్త్‌ను మీరే నమోదు చేయాలి. ఎపర్చర్ ప్రయారిటీ మోడ్‌లో పెట్టి, లెన్సు మీది రింగును తిప్పితే షట్టర్ వేగాన్ని కెమెరానే చూసుకుంటుంది.

ఫోకస్‌కు రెండు సాయాలున్నాయి. అంచులను రంగులో చూపించే పీకింగ్, బొమ్మను పెద్దది చేసి చూపే మాగ్నిఫికేషన్. ఎఫ్/2 దగ్గర పీకింగ్‌ను పూర్తిగా నమ్మొద్దు, పెద్దది చేసి చూసుకోవాల్సిందే. వీధుల్లో తీసేటప్పుడు ఎఫ్/8 పెట్టి, దూరాన్ని 3 మీటర్ల దగ్గర ఉంచండి. ఫుల్‌ఫ్రేమ్‌లో 50 ఎంఎంతో సుమారు రెండున్నర నుంచి 4 మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది. ఇక ఫోకస్ గురించి ఆలోచించకుండా మనుషుల్ని గమనించొచ్చు. అడాప్టర్‌ను బట్టి లెన్సు మీది అంకెలు కొంచెం అటూ ఇటూ కావొచ్చు, ముందే ఒకసారి సరిచూస్కోండి.

చాలా పాత లెన్సులు మీటరు కంటే దగ్గరగా ఫోకస్ చేయలేవు. మగ్గం మీద నేతన్న వేళ్లను దగ్గరగా తీయాలంటే హెలికాయిడ్ ఉన్న అడాప్టర్ కొనడం మేలు.

ఏ పనికి? ఏ పనికి కాదు?
పెళ్లిళ్లు, ఆటలు, వార్తల ఫొటోల కోసం పాత లెన్సును నమ్ముకోకండి. తలంబ్రాలు పోసే క్షణం మీరు రింగు తిప్పేదాకా ఆగదు. డబ్బు తీసుకుని చేసే పనికి ఆటోఫోకస్ లెన్సే ఉండాలి. దాన్ని అమ్మేసి పాతది కొనొద్దు, అప్పు చేసి అసలే కొనొద్దు.

దీని అసలు ఉపయోగం పోర్ట్‌ఫోలియోలో. జూమ్ ఉండదు కాబట్టి కాళ్లతో నడవాలి. ఫోకస్ మీరే చేయాలి కాబట్టి ఏది ముఖ్యమో ముందే తేల్చుకోవాలి. 1948లో గాంధీజీ అంతిమయాత్రను ఫొటోలు తీసిన హెన్రీ కార్టియే బ్రెసాన్ జీవితంలో ఎక్కువ భాగం 50 ఎంఎం లెన్సుతోనే పనిచేశారు.

మీరూ ఒక నెల పాటు ఒకే లెన్సు, ఒకే అంశం పెట్టుకోండి. మీ ఊరి బస్టాండు కావొచ్చు, రైతుబజారు కావొచ్చు. వచ్చినవాటిలో 12 ఫొటోలే ఏరండి. ఉద్యోగానికో, ఫొటోగ్రఫీ కోర్సుకో ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు లెన్సు పేరు చెప్పి మెప్పించలేరు. ‘ఇక్కడే ఎందుకు నిలబడ్డావు? ఈ క్షణమే ఎందుకు?’ అని అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పగలిగారా.. ఆ లెన్సుకు పెట్టిన ప్రతి రూపాయీ గిట్టుబాటైనట్లే!