పాత స్కీ పడవల పోషణ, మరమ్మతు

కాళ్ళకు రెండు పొడుగాటి పలకలు తగిలించుకొని, ముందు పరుగెత్తే మోటారు పడవకు కట్టిన తాడు చేతబట్టి, నీటిమీద నిలుచుండి జారిపోయే ఆటను వాటర్ స్కీయింగ్ అంటారు. దీనికి పుట్టినిల్లు అమెరికా. మిన్నెసోటా రాష్ట్రపు సరిహద్దున ఉన్న పెపిన్ సరస్సుమీద 1922 జూలై 2వ తేదీన రాల్ఫ్ శామ్యూల్సన్ అనే 18 ఏండ్ల యువకుడు మొట్టమొదట ఇట్లా నిలువగలిగాడు. అతడు పీపాల బద్దలతో ప్రయత్నించాడు, మంచుమీద జారే పలకలతో ప్రయత్నించాడు. అవి పనికిరాలేదు. చివరకు 8 అడుగుల పొడవు, 9 అంగుళాల వెడల్పు గల రెండు చెక్కలు తెచ్చి, వాటి మొనలను వేడినీటిలో మెత్తబరచి పైకి వంచుకొన్నాడు. పడవ నడిపినవాడు అతని సోదరుడే.

ఆట పెరిగిన కొద్దీ దానికి తగిన పడవ కావలసివచ్చింది. వెనుక అంచున ఇంజను తగిలించిన పడవలో బరువంతా వెనుకనే ఉంటుంది. ఆ పడవ లేపే అలలు ఎత్తుగా ఉండి స్కీయరును ఎగరవేస్తాయి. ఇంజనును పడవ నడుమ ఉంచితే బరువు సమంగా పంపిణీ అయి, వెనుక అలలు చదునుగా ఉంటాయి. అప్పుడు ప్రొపెల్లరు పడవ అడుగున దాగి ఉండడంవల్ల నీటిలో పడిన మనిషికి అపాయమూ తగ్గుతుంది. ఇట్లా లోపల ఇంజను గల పడవను ఇన్‌బోర్డు పడవ అంటారు. ఫ్లోరిడాలో లియో బెంట్జ్ రూపొందించిన స్కీ నాటిక్ అనే పడవ అచ్చును 1961లో కరెక్ట్ క్రాఫ్ట్ కంపెనీ కొని తయారీ సాగించింది. 1968లో టెన్నెసీలో మాస్టర్‌క్రాఫ్ట్ కంపెనీ వెలసింది. 1970, 1980 దశకాలలో తయారైన ఇటువంటి పడవలు ఇప్పటికీ అమెరికా సరస్సులలో పెక్కు నడుస్తున్నవి. కొత్త పడవ ఖరీదు పాతదానికి ఎన్నో రెట్లు గనుక, వీటి యజమానులు చాలామంది తామే రెంచి పట్టుకొని మరమ్మతులు చేసుకొంటారు.

వీటిలోని ఇంజను కొత్త వస్తువేమీ కాదు. కార్లలో వాడే పెట్రోలు ఇంజనే. ఫోర్డు కంపెనీ 351 ఘనపు అంగుళాల ఇంజను, అనగా దాదాపు 5.8 లీటర్లది, 8 సిలిండర్లు 'వి' ఆకారంలో అమర్చినది, ఈ పడవలలో ఎక్కువగా కనిపిస్తుంది. ఐతే కారులో అది ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే కష్టపడుతుంది. పడవలో నీటిని తోసుకుంటూ పోవాలి గనుక ఎప్పుడూ ఎత్తు ఎక్కుతున్నట్లే ఉంటుంది. పైగా దీనికి రేడియేటరు లేదు. సరస్సే దాని రేడియేటరు. పాత పడవకు వచ్చే జబ్బులలో చాలావాటికి మూలం ఇక్కడే ఉన్నది: నీరు ఉండవలసిన చోట లేకపోవడం, లేదా ఉండకూడని చోట నిలిచిపోవడం.

పడవ అడుగున ఉన్న రంధ్రంగుండా నీటిని పైకి లాగేది ఒక చిన్న పంపు. దానిలో రబ్బరు రెక్కల చక్రం ఉంటుంది. పంపుగది గోడ ఒక పక్క కొంచెం లోపలికి ఉబ్బి ఉండడంవల్ల రెక్కలు అక్కడికి రాగానే వంగి, దాటగానే సాగుతాయి. సాగినప్పుడు నీరు పీల్చుకొని, వంగినప్పుడు ముందుకు నెట్టుతాయి. ఆ రెక్కలకు కందెన కూడా ఆ నీరే. అందువల్ల పడవను గట్టుమీద ఉంచి, నీరు అందించకుండా ఇంజను నడిపితే కొద్దిసేపటిలోనే రబ్బరు మాడిపోతుంది. ఈ చక్రాన్ని ఏటా మార్చడం మంచిది. దాని ఖరీదు స్వల్పం. పాతదాన్ని బయటికి తీసినప్పుడు రెక్కలను లెక్కపెట్టాలి. ఒక రెక్క విరిగి కనబడకపోతే ఆ ముక్క నీటిదారిలో ఎక్కడో అడ్డుపడి ఉంటుంది. దాన్ని వెదికి తీయకుండా కొత్తచక్రం బిగిస్తే పని సగమే అయినట్లు.

ఇంజనులోపలి దారిలో థర్మోస్టాట్ అనే కవాటం ఉన్నది. ఇంజను వేడెక్కేవరకు అది మూసుకొని ఉండి, పంపునుంచి వచ్చిన నీటిని పక్కదారిన పొగగొట్టంలోకి పంపుతుంది. కారు ఇంజనులో ఈ కవాటం సుమారు 90 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర తెరుచుకొంటే, సరస్సునీటితో చల్లబడే ఇంజనులో 60, 70 డిగ్రీల దగ్గరే తెరుచుకోవాలి. మరీ వేడెక్కితే నీటిలోని లవణాలు లోపలి గోడలకు పొరగా పేరుకొంటాయి. ఈ కవాటం సంగతి గుర్తుంచుకోవాలి. శీతాకాలంలో దీనివల్లనే ఒక మోసం జరుగుతుంది.

ఉత్తర అమెరికాలో సరస్సులు గడ్డకట్టుతాయి. మిన్నెసోటాలో చలి సున్నాకు 20 డిగ్రీల దిగువకు పోవడం విశేషం కాదు. నీరు మంచుగా మారేటప్పుడు నూటికి సుమారు 9 వంతులు వ్యాకోచిస్తుంది. 11 లీటర్ల నీరు 12 లీటర్ల మంచు అవుతుంది. ప్లాస్టిక్ సీసా నిండా నీరు పోసి, మూత బిగించి, శీతల యంత్రంలో మంచుకట్టే అరలో ఉంచితే సీసా ఉబ్బడం ఏ విద్యార్థి అయినా చూడవచ్చు. సీసా సాగుతుంది గనుక ఉబ్బుతుంది. ఇంజను పోత ఇనుముతో చేసినది. పోత ఇనుము నొక్కుడును బాగా ఓర్చుకొంటుంది గాని, లాగుడును ఓర్చుకోలేదు, సాగదు, పగులుతుంది. ఒక్క రాత్రి చలికి ఎంతో విలువగల ఇంజను పనికిరానిదవుతుంది. ఇంజను పక్కలను కనిపించే గుండ్రని బిళ్ళలు మంచు ఒత్తిడికి ఊడివచ్చి ఇంజనును కాపాడతాయని కొందరి నమ్మకం. నిజానికి అవి పోతపోసినప్పుడు లోపలి ఇసుకను తీయడానికి వదిలిన రంధ్రాల మూతలు మాత్రమే. ఒక్కొక్కప్పుడు ఊడవచ్చు, కాని వాటిని నమ్ముకోవడం తెలివైన పని కాదు.

అందువల్ల చలికాలానికి ముందు నీరంతా తీసివేయాలి. ఇంజనుకు ఇరుపక్కల ఒక్కొక్క మర ఉంటుంది. పొగ వెళ్ళే గొట్టాల అడుగున మరొకటి చొప్పున ఉంటుంది. పంపును, రబ్బరు గొట్టాలను కూడా విప్పాలి. పని తెలియనివాడు పొరబడేది సరిగ్గా ఇక్కడే. అతడు మర విప్పుతాడు, నీరు రాదు. 'లోపల ఏమీ లేదు' అనుకొని తిరిగి బిగిస్తాడు. లోపల నీరు నిండుగానే ఉన్నది! ఏండ్ల తరబడి రాలిన తుప్పు పెచ్చులు రంధ్రానికి అడ్డుపడి ఉంటాయి. గట్టి తీగను రంధ్రంలోకి పోనిచ్చి కెలికితే మొదట ఎర్రటి బురద, తరువాత ధారగా నీరు వస్తుంది. ప్రతి రంధ్రంనుంచి నీరు కారడం కళ్ళారా చూసిన తరువాతనే మరొకదానికి పోవాలి.

కొందరు ఈ శ్రమ ఎందుకని, పంపు గొట్టాన్ని గడ్డకట్టని ద్రవం ఉన్న బకెట్టులో ముంచి ఇంజను నడుపుతారు. వెనుక పొగగొట్టంలోనుంచి రంగు ద్రవం రాగానే పని అయినదని ఆపుతారు. ఇంజను ఇంకా వేడెక్కలేదు. థర్మోస్టాట్ మూసే ఉన్నది. ద్రవమంతా పక్కదారిన బయటికి పోయింది. ఇంజను నడుమ ఉన్నది పాత నీరే. ముందు నీరు తీసివేసి, ఆ తరువాత ద్రవాన్ని పైనుంచి పోయడమే సరియైన క్రమం. ఆ ద్రవం కూడా ప్రొపిలీన్ గ్లైకాల్ రకం కావడం మేలు; కార్లలో వాడే ఎథిలీన్ గ్లైకాల్ విషం, వసంతంలో అది సరస్సులోకే పోతుంది.

ఇక ఇంజనునుంచి ప్రొపెల్లరుకు పోయే ఇరుసు సంగతి. ఇది పడవ అడుగును చీల్చుకొని నీటిలోకి పోతుంది. ఆ చోట నీరు లోపలికి రాకుండా, మైనం పట్టించిన జనుపవంటి నార తాడును ఇరుసు చుట్టూ వలయాలుగా చుట్టి, పైనుంచి మరతో నొక్కుతారు. మన పొలాలలోని నీటిపంపులకు ఉండే గ్లాండు ఇటువంటిదే. విశాఖపట్టణం, కాకినాడ రేవులలోని మరపడవలకు కూడా ఇరుసు పడవను దాటే చోట ఇటువంటి ఏర్పాటు ఉంటుంది. ఇరుసు తిరుగుతున్నప్పుడు గ్లాండునుంచి నిమిషానికి కొన్ని చుక్కలు కారాలి. ఆ చుక్కలే దాన్ని చల్లబరుస్తాయి. ఒక్క చుక్కకూడా రాకూడదని బిగించేవాడు తాడును మాడ్చి, ఇరుసుమీద గాడి పడేటట్లు చేస్తాడు.

ఇంజను, ఇరుసు ఒకే సరళరేఖలో ఉండాలి. రెండింటినీ కలిపే బిళ్ళల బోల్టులు విప్పి, బిళ్ళలను దగ్గరగా చేర్చి, వాటి నడుమ సందును చుట్టూ నాలుగుచోట్ల పలుచని ఉక్కు రేకులతో కొలుస్తారు. ఒకచోటికి మరొకచోటికి తేడా అంగుళంలో వెయ్యింట 3 వంతులు మించరాదు. ఇది సుమారు మన తలవెంట్రుక మందం. తేడా ఎక్కువైతే పడవ వణుకుతుంది, గ్లాండు త్వరగా అరిగి కారుతుంది. ఇంజను కాళ్ళ మరలు తిప్పి దీన్ని సరిచేయవచ్చు. సరిచేసిన నెలకే మళ్ళీ తప్పిపోతే మాత్రం దోషం మరలలో లేదు. ఇంజను నిలిచిన కొయ్యలో ఉన్నది.

పైకి ఫైబర్‌గ్లాసు పడవ. లోపల, పొడుగునా నాలుగు కొయ్య దూలాలు. వాటిపైన గాజునార పొర, నడుమ గట్టి నురుగు. 1990 దశకంలో తయారీదారులు ఈ కొయ్యను మానుకొన్నారు గాని, అంతకుముందటి పడవల బలమంతా ఈ దూలాలదే. ఇంజను బోల్టులకు, బల్లలకు వాటిలో రంధ్రాలు వేశారు. ఏదో ఒక రంధ్రంగుండా నీరు లోపలికి పోయింది. గాజునార పొర ఆ నీటిని బయటికి పోనివ్వదు, నురుగు దాన్ని పట్టి ఉంచుతుంది. కొయ్యను తినేవి శిలీంధ్రాలు, అనగా బూజుజాతి మొక్కలవంటి జీవులు. కొయ్యలో తేమ నూటికి 20 వంతులకు లోపుగా ఉంటే అవి పెరగలేవు. పూర్తిగా నీటిలో మునిగిన కొయ్యలో గాలి లేదు గనుక అక్కడా పెరగలేవు. నూరేండ్లు నీటిలో మునిగి ఉన్న దుంగలు చెడకుండా దొరకడానికి కారణమిదే. సగం తడి, సగం గాలి వాటికి విందు. స్కీ పడవ దూలం వాటికి సరిగ్గా ఇటువంటి నివాసం.

ఇది వలయంగా నడుస్తుంది. కొయ్య మెత్తబడితే ఇంజను కుంగుతుంది, ఇంజను కుంగితే ఇరుసు వంకర పడుతుంది, గ్లాండు కారుతుంది, ఆ నీరు పోయి కొయ్యనే నానబెడుతుంది. కనుక పాత పడవను కొనబోయేవాడు మెరిసే రంగును, గర్జించే ఇంజనును చూసి మురిసిపోరాదు. దూలాన్ని చిన్న సుత్తితో తట్టాలి. గట్టి కొయ్య ఠంగుమంటుంది, కుళ్ళినది బొద్దుగా పలుకుతుంది. ఇంజను కాళ్ళ బోల్టులను రెంచితో బిగించాలి. పట్టులేక ఊరికే తిరిగితే తీర్పు వచ్చినట్లే. ఇంకా అనుమానముంటే చిన్న రంధ్రం వేసి, వచ్చిన పొట్టును చూడాలి. పొడిగా, పసుపుగా రావాలి. నల్లగా, తడిగా, పుట్టగొడుగు వాసనతో వస్తే ఇంజనును ఎత్తి, నేలబల్ల కోసి, దూలాలు మార్చక తప్పదు. అప్పుడు పడవ అడుగును నాలుగుచోట్ల ఆనించి ఉంచాలి. దూలం లేని పడవ తన బరువుకే వంకర తిరుగుతుంది. గాజునారను అరగదీసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు హాని. మంచి ముసుగు లేకుండా ఆ పనికి పూనుకోరాదు. ఇది ఒక చలికాలమంతా పట్టే పని.

ఇంతవరకు చెప్పినవాటిలో పోయేది డబ్బు. పెట్రోలు విషయంలో పోయేది ప్రాణం. పెట్రోలు ఆవిరి గాలికన్న 3, 4 రెట్లు బరువైనది. కారు కింద కారిన పెట్రోలు ఆవిరి గాలికి చెదిరిపోతుంది. పడవలో అది తొట్టిలోకి నీరు దిగినట్లు దిగి, ఇంజను కిందనే కూర్చుంటుంది. గాలిలో అది నూటికి సుమారు 1.4 వంతులున్నా చాలు, ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. అందుకే పడవ ఇంజనుకు వాడే స్టార్టరు, ఆల్టర్నేటరు, డిస్ట్రిబ్యూటరు లోపలి నిప్పురవ్వ బయటి ఆవిరిని అంటుకోకుండా చేసినవి. పడవ కార్బురేటరు నిండి పొర్లితే పెట్రోలు లోపలికే పోతుంది, బయటికి కారదు. కారు సామానుల దుకాణంలో దొరికేవి చూపుకు అట్లాగే ఉంటాయి, సరిగ్గా అమరుతాయి, ధర సగం. అవి అమరడమే ప్రమాదం. పాతపడవ కొన్నప్పుడు మునుపటి యజమాని ఇటువంటి పొదుపు చేశాడేమో మొదట చూడాలి. అమెరికాలో పెట్రోలులో సాధారణంగా నూటికి 10 వంతులు కలిపే ఎథనాలు పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది గనుక వాటినీ మార్చాలి.

ఇంజను నడపబోయేముందు 4 నిమిషాలు బ్లోయరు నడిపి అడుగునున్న గాలిని బయటికి తోలాలని అక్కడి తీరరక్షక దళం చెబుతుంది. బ్లోయరు మోత వినబడినంతమాత్రాన చాలదు. దాని గొట్టం ఊడిపోయి పైగాలినే తిప్పుతూ ఉండవచ్చు. గొట్టపు మూతి పడవ అడుగు దగ్గరే ఉన్నదా అని చూసి, ఆపైన ఇంజను మూత తెరిచి ముక్కుతో వాసన చూడాలి. వాసన ఉంటే తాళంచెవి జేబులోనే ఉండాలి.

దూలాలు మార్చి, ఇంజను తిరిగి దించిన పడవను నీటిలోకి వదిలిన తరువాత మరొక పని మిగిలి ఉంటుంది. బండిమీద ఉన్నప్పటి ఆకారానికి, నీటిలో తేలేటప్పటి ఆకారానికి కొద్దిపాటి తేడా ఉంటుంది. వెంట్రుకమందం లెక్కలో ఆ తేడా చిన్నది కాదు. అందువల్ల ఒక రోజు పడవను నీటిలో నిలకడగా ఉంచి, మళ్ళీ బిళ్ళలు విప్పి, ఉక్కు రేకులతో సందును కొలుస్తారు. వదిలేముందు పడవ అడుగున నీరు తీసే ఇత్తడి మర బిగించారా లేదా అన్నదీ చూసుకోవాలి. అనుభవం గలవారు సైతం దీన్ని మరచిపోయి పడవను సగం ముంచుకొన్న సందర్భాలు ఉన్నవి. అందుకే పెక్కుమంది చలికాలమంతా ఆ మరను ఇంజను తాళంచెవికే కట్టి ఉంచుతారు.