రోమక దేవతాహ్వానము: నామము, స్వరూపము

క్రైస్తవమునకు పూర్వపు యూరోపీయ మతములకు "పేగన్" అను పేరు వాడుకలో నున్నది. ఇది లాటిను "పాగానుస్" నుండి వచ్చినది. "పాగుస్" అనగా పల్లెసీమ, పాగానుస్ పల్లెవాడు. క్రీ.శ. 4వ శతాబ్దినుండి క్రైస్తవులు తమ మతమున చేరనివారి కందరికిని ఈ పేరు పెట్టిరి. అది ఇతరులు పెట్టిన పేరే కాని, ఒక మతము తనకు తాను పెట్టుకొన్న పేరు కాదు. కావున పేగను దేవతల స్వభావమిది యని ఒక్క మాటలో నిర్ణయింపబూనుట నిష్ఫలము. ఒక్క రోమకుల కర్మకాండను గ్రహించి, వారు దేవతను పిలిచిన తీరునుండి దేవతాస్వరూపమును గూర్చి ఏమి తెలియుచున్నదో చూచుట మేలు. రోమకులకు స్వంతమైన పురాణగాథలు స్వల్పము. ఉన్నవానిలో పెక్కులు గ్రీకులనుండి తెచ్చుకొన్నవి. వారి దేవతాభావనకు ముఖ్యాధారము గాథ కాదు, పిలుపు.

ఆ పిలుపున మొదట ఆశ్చర్యము కలిగించునది దాని సందిగ్ధత. వెర్జిలు కావ్యములకు వ్యాఖ్యాతయైన సెర్వియుస్ చెప్పినదానినిబట్టి, పురోహితులు జూపిటరును ఆతని బిరుదములతో సంబోధించి, ఆతడు మరి యే పేర పిలువబడ గోరినను ఆ పేరనే పిలుచుచున్నామని చేర్చెడివారు. క్రీ.పూ. 2వ శతాబ్దివాడైన కేటో తన వ్యవసాయ గ్రంథమున, వనములోని చెట్లను పలుచన చేయబోవు రైతు పందిని బలియిచ్చి పలుకవలసిన ప్రార్థనను విధించినాడు. అందు వనదేవత పేరు లేదు. దేవుడో దేవియో, ఆ వనమెవరికి చెందినదో వారికే ప్రార్థన. రోమునగరపు పాలటైను కొండపై దొరికిన ఒక బలిపీఠముమీదను, దేవునికో దేవికో అను ఈ వికల్పమే చెక్కబడియున్నది.

ఇది అజ్ఞాన చిహ్నమని కొందరు తలచిరి. కాని ఔలుస్ గెల్లియుస్ చెప్పిన ఒక ఆచారము ఆ అభిప్రాయమునకు అడ్డువచ్చును. భూకంపము కలిగినపుడు రోమకులు శాంతికర్మకు సెలవుదినము ప్రకటించెడివారు గాని, ఏ దేవతకో పేర్కొనెడివారు కారు. భూమిని కదల్చినది ఏ శక్తియో నిశ్చయముగా తెలియనిదే ఒక పేరు చెప్పినచో, జనులు తప్పుడు కర్మకు బద్ధులగుదురని వారి భయము. దస్తావేజులో హక్కుదారుని పేరు తప్పు వ్రాయుటకంటె "హక్కుగలవారెవరైనను" అని వ్రాయుట క్షేమమనెడి న్యాయవాది జాగ్రత్త వంటిది ఇది. పేరు తెలియకున్నను స్థలము తెలియును, పని తెలియును. రోమకుని దృష్టిలో దేవతను గుర్తించుటకు ఈ రెండును చాలును.

పని ఎంత ప్రధానమో సెర్వియుస్ మరియొకచోట చూపిన జాబితా తెలుపును. భూదేవియగు తెల్లూస్‌కును, ధాన్యదేవియగు కేరేస్‌కును జరుగు కర్మలో పురోహితుడు పండ్రెండు నామములను పిలుచునట. తెలుగు చేసినచో అవి యిట్లుండును: బీడు దున్నువాడు, ఇరువాలు దున్నువాడు, చాళ్లు తీయువాడు, విత్తువాడు, విత్తుమీద దున్నువాడు, గడ్డలు చదును చేయువాడు, త్రవ్వి మట్టి గుల్లచేయువాడు, కలుపు తీయువాడు, కోయువాడు, మోసికొని వచ్చువాడు, గాదె కెత్తువాడు, గాదెనుండి తీసియిచ్చువాడు. వాన కురిపించువాడు ఇందు లేడు. ప్రతి నామమును రైతు చేతిపనియే. సంవత్సరపు సేద్యమంతయు వరుస తప్పక నామావళియైనది. మూలమున ఇన్సితోర్, మెస్సోర్ మొదలైన ఈ పదములన్నియు కర్త్రర్థక ప్రత్యయాంతములు. లాటిను "తోర్" ప్రత్యయమును, సంస్కృతమున సవితృ, ధాతృ, త్వష్టృ శబ్దములందలి "తృ" ప్రత్యయమును సజాతీయములు. తెలుగునకు ఆ ప్రత్యయము లేకున్నను "దున్నువాడు", "కోయువాడు" అని అంతే సులువుగా చెప్పగలుగుట గమనింపదగినది.

ఇట్టి నామములను గూర్చి హెర్మాన్ ఊసెనర్ 1896లో దేవతానామములపై ఒక గ్రంథము వెలువరించి, ఒక్కొక్క పనికి ఒక్కొక్క దేవత యుండుట మతవికాసమున ప్రాచీనదశ యని వాదించెను. ఇట్టి జాబితాలలో చాలభాగము పండితులు కూర్చినవే కాని ప్రజలు కొలిచినవి కావని గేయోర్గ్ విస్సోవా దానిని ఖండించెను. పండ్రెండు నామములు మరీ క్రమబద్ధముగా నుండుట విస్సోవా పక్షమునకు బలమే. అయినను అవి కర్మలో పలుకబడిన నామములని సెర్వియుస్ స్పష్టముగా చెప్పుచుండగా త్రోసిపుచ్చుట తగదు. వాకిటి తలుపునకు, బందులకు, గడపకు వేర్వేరు దేవతలా, కావలికి ఒక మనుష్యుడు చాలడా యని అగస్టీను చేసిన పరిహాసము చమత్కారమే కాని ప్రమాణము కాదు. ఆతడు పూర్వపక్షముగా గ్రహించిన వర్రో (క్రీ.పూ. 116–27) చెప్పినది సూటియైనది: ఏ వృత్తివాడెవడో ఎరుగుట ఎంత అవసరమో, ఏ దేవతను దేనికి పిలువవలెనో ఎరుగుటయు అంత అవసరము.

ఈ ప్రశ్న భారతీయులకు కొత్తది కాదు. నిరుక్తము సప్తమాధ్యాయమున యాస్కుడు దేవతల ఆకారమును చర్చించినాడు. చేతనులను వలె సంబోధించుటచే దేవతలు పురుషాకారులని ఒక పక్షము. కనబడు అగ్ని, వాయువు, సూర్యుడు పురుషాకారులు కారనియు, పాచికలను, ఓషధులను సైతము అట్లే సంబోధించుట కలదనియు మరొక పక్షము. అనగా పిలుపునుబట్టి స్వరూపమును నిర్ణయింపవచ్చునా యనునదే వివాదము. హోతృశబ్దమును యాస్కుడు పిలుచుట యను అర్థమునుండియు, ఔర్ణవాభుడు హోమము చేయుట యను అర్థమునుండియు సాధించుటలో నిదే భేదము తొంగిచూచుచున్నది. మీమాంసకులు ఇంకను ముందునకు పోయిరి. శబరుని మతమున దేవతకు శరీరము లేదు, హవిస్సును భుజించుట లేదు. విధివాక్యమున "అగ్ని" అని యున్నచో ఆ శబ్దమే పలుకవలెను. "పావక" మొదలగు పర్యాయపదములు పనికిరావు. శబ్దమునకు వెలుపల దేవతకు ఇచ్ఛ లేనపుడు పేరు మార్చుట దేవతనే మార్చుట యగును. రోమకుని వికల్పమునకు సరిగా ఇది వ్యతిరేకము. అక్కడ దేవత పేరునకు వెలుపల నున్నది. ఏ పేరు తన కిష్టమో అదియే ఎంచుకొనును. పేరు విషయమున రోమకుడు సడలించినదియు, మీమాంసకుడు బిగించినదియు దేవతాస్వరూపమునుండియే పుట్టినవి.

రోమక దేవతకు ఇచ్ఛ కలదనుటకు శత్రునగరపు దేవతను బయటికి పిలుచు "ఎవొకాతియో" అను కర్మ సాక్ష్యము. క్రీ.పూ. 396లో వెయీ నగరమును పట్టుకొనుటకు ముందు కమిల్లుస్ అచటి రాణి జూనోను రోమునకు రమ్మని ప్రార్థించి, ఆలయము కట్టింతునని మొక్కుకొనెను. నగరము పడిన పిదప ఒక యువకుడు వచ్చెదవా యని విగ్రహము నడుగగా అది తల యూపెనని తోడివారు కేకలు వేసిరట. లివీ ఆ ప్రశ్న దైవప్రేరణమో పరిహాసమో తేల్చి చెప్పలేదు. కార్తేజి విషయమున మక్రోబియుస్ భద్రపరచిన మంత్రమున మరల "దేవుడో దేవియో" అను వికల్పమే; అక్కడ గుర్తు ఆ నగరమును కాచుట యను పని.

ఈ కారణముచే తెలుగున పారిభాషిక పదములను కొంత జాగ్రత్తగా ఎంచుకొనవలసియున్నది. ఆవాహనము ప్రతిమలోనికో కలశములోనికో దేవతను రప్పించుట. రోమకుని పిలుపున అట్టి ప్రవేశము లేదు గనుక దానికి "ఆహ్వానము" తగును. ఎవొకాతియోకు కొందరికి తోచు "ఉద్వాసన" మరింత పొసగదు. ఉద్వాసన పూజ ముగిసిన దేవతను సాగనంపుట. జూనోకు వెయీలో పూజ ముగియలేదు, ఆవెంటైను కొండపై కొత్త ఆలయమున తిరిగి మొదలైనది.