లారీ కార్ల్‌టన్ గిటారు నాదం వెనుక

అమెరికాలోని స్టీలీ డాన్ బృందం 1976లో తెచ్చిన ‘కిడ్ షార్లమైన్’ పాట నడుమ ఒక గిటారు సోలో ఉంది. వాయించినది లారీ కార్ల్‌టన్. ఆంప్లిఫయర్ కొద్దిగా గరగరలాడుతున్నా అందులో ఒక్క స్వరమూ అలుక్కుపోదు. ఎలక్ట్రిక్ గిటారు మీద ఇంత తీరైన వాదనం అరుదు. గిబ్సన్ ఇఎస్-335 అనే గిటారుతో ఆయన పేరు ఎంతగా కలిసిపోయిందంటే, అభిమానులు ఆయన్ని ‘మిస్టర్ 335’ అంటారు.

ఆ గిటారు పుట్టుక వెనుక ఒక చిక్కుంది. పాత జాజ్ గిటార్లు లోపల బోలుగా ఉండేవి. శబ్దం పెంచితే స్పీకరు హోరుకు పలుచని పైచెక్క కదిలేది, దాంతో తీగలు కదిలేవి, ఆ కదలికను విద్యుత్తుగా మార్చే పికప్ దాన్ని మళ్లీ స్పీకరుకే పంపేది. వలయం బలపడి కూత పుట్టేది. సభల్లో మైకు కూయడానికీ కారణం ఇలాంటి వలయమే. గట్టి చెక్క గిటార్లలో ఆ బాధ తగ్గింది కానీ బోలు వాద్యంలోని గాలి నిండిన మెత్తదనం పోయింది. 1958లో, టెడ్ మెకార్టీ అధ్యక్షుడిగా ఉండగా, గిబ్సన్ కంపెనీ రెంటినీ కలిపింది: రెండు పక్కలా బోలు, నడుమ నిలువునా మేపుల్ చెక్క దిమ్మ. బరువైన దిమ్మ తేలిగ్గా కదలదు. అందుకే కూత అణుగుతుంది. తీగలోని శక్తి కూడా చెక్కలోకి త్వరగా జారిపోదు కనుక స్వరం చాలాసేపు నిలుస్తుంది.

అయితే మహిమంతా చెక్కదే అంటే నేను ఒప్పుకోను. స్పీకరులో మనం వినేది తీగ కదలికనే. పికప్‌లోని అయస్కాంతం పక్కన ఉక్కు తీగ ఊగితే అందులోని తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమిది. 335లో ఉన్నవి గిబ్సన్ ఇంజినీరు సెత్ లవర్ రూపొందించిన హంబకర్ పికప్‌లు. ఒక్కోదానిలో రెండు చుట్టలుంటాయి. వాటి చుట్లను, అయస్కాంత ధ్రువాలను ఒకదానికొకటి వ్యతిరేక దిశల్లో అమర్చడం వల్ల కరెంటు తీగల నుంచి వచ్చే రొద రద్దవుతుంది, తీగ నాదం మాత్రం కూడుతుంది. పైగా అవి తీగను కాస్త వెడల్పు మేర ‘వింటాయి’ కనుక మరీ సన్నని అనుస్వరాలు తగ్గి నాదం గుండ్రంగా వస్తుంది.

మిగిలినదంతా చేతిపనే. కార్ల్‌టన్ తీగను పక్కకు లాగి స్వరాన్ని పైకి తీసుకెళతారు. వీణలో గమకం పలికించేటప్పుడూ జరిగేది ఇదే. పౌనఃపున్యం బిగువు వర్గమూలంతో పెరుగుతుంది. కాబట్టి స్వరాన్ని రెండు ఫ్రెట్ల (మెట్ల) మేర పెంచాలంటే బిగువు దాదాపు 26 శాతం పెరగాలి. ఒక్క వేలి బలంతో అంత లాగి, సరిగ్గా శ్రుతి మీద ఆపి, అక్కడే నిలపడం ఏళ్ల సాధనతో గానీ రాదు. ఇంకో నేర్పు వాల్యూమ్ పెడల్‌ది. మీటిన క్షణంలోని టక్కుమనే చప్పుడును అణిచి, ఆ తర్వాత పెడల్ నొక్కితే స్వరం మెల్లగా ఉబుకుతుంది. వాద్యాన్ని గుర్తుపట్టడానికి మన చెవి ఆ తొలి చప్పుడు మీద ఎంతో ఆధారపడుతుంది. అది లేకపోతే గిటారు వయొలిన్‌లా, ఒక్కోసారి గొంతులా వినిపిస్తుంది.

1978లో వచ్చిన ఆయన ఆల్బమ్‌లో ‘రూమ్ 335’ అనే రచన ఉంది. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి. వేగాన్ని వదిలేసి, లాగిన స్వరం ఎక్కడ ఆగుతోందో గమనించండి.