రిమోట్ ఆజ్ఞ చేరే చోటు

సిద్దిపేట జిల్లాలోని నారాయణరావుపేట వంటి మండల కేంద్రంలో టీవీ కార్యక్రమం ఒక ఇంటికి మేడపైని డిష్ ద్వారా, పక్కింటికి ఇంటర్నెట్ ద్వారా అందవచ్చు. రెండిళ్లలోని రిమోట్లు ఒకేలా కనిపించినా, పాజ్ మీట నొక్కినప్పుడు ఆ ఆజ్ఞ ఎంత దూరం పోతుందన్నది కార్యక్రమం వచ్చే దారిని బట్టి మారిపోతుంది.

రిమోట్ నుంచి సెట్‌టాప్ బాక్స్ వరకు సాగే మొదటి అంచె చాలా ఇళ్లలో పరారుణ కాంతి మీదే నడుస్తుంది. విస్తృతంగా వాడే ఎన్‌ఈసీ పద్ధతిలో, కంటికి కనిపించని ఆ కాంతి సెకనుకు సుమారు 38 వేల సార్లు మినుకుమంటూ, ఒక్కో ఆజ్ఞను 32 బిట్లుగా, అంటే 0 లేదా 1 అనే గుర్తులుగా పంపుతుంది. వాటిలో మొదటి 8 బిట్లు ఏ పరికరానికో చెబితే, తర్వాతి 8 వాటినే తారుమారు చేసి మళ్లీ చెబుతాయి. మీట సంఖ్య కూడా ఇలాగే రెండుసార్లు వెళుతుంది కనుక, ఎండ వల్లనో దీపాల వెలుగు వల్లనో చెదిరిన ఆజ్ఞను పెట్టె పోల్చి చూసి వదిలేస్తుంది.

డిష్ ఉన్న ఇంట్లో ఆజ్ఞ ప్రయాణం ఆ పెట్టెతోనే ముగుస్తుంది. ఉపగ్రహం నుంచి కిందికే తప్ప పైకి దారి లేదు కాబట్టి, రికార్డు చేసే సదుపాయం పెట్టెలో ఉంటే తప్ప ప్రత్యక్ష ప్రసారాన్ని ఆపి, ఆగినచోటి నుంచి చూడటం సాధ్యం కాదు.

ఇంటర్నెట్ దారిలో మాత్రం ఆజ్ఞ సర్వర్ దాకా, అంటే దృశ్యాలను భద్రపరచి పంపే కంప్యూటర్ దాకా వెళ్లగలదు. 1998 ఏప్రిల్‌లో వెలువడిన ఆర్‌టీఎస్‌పీ అనే ప్రమాణం ఇందుకోసమే పుట్టింది. సంధానం కుదిర్చే సెటప్, నడిపించే ప్లే, నిలిపే పాజ్, తెగతెంపులు చేసే టియర్‌డౌన్ అందులోని ముఖ్యమైన ఆజ్ఞలు. నేటికీ ఎన్నో సీసీ కెమెరాలు ఈ భాషలోనే జవాబిస్తాయి. అయితే యూట్యూబ్ వంటి సేవల్లో ఈ ఏర్పాటు తలకిందులైంది. అక్కడ వీడియో కొద్ది సెకన్ల ముక్కలుగా ఉంటుంది, ప్లేయరే ఒక్కో ముక్కను అడిగి తెచ్చుకుంటుంది. పాజ్ నొక్కితే సర్వర్‌కు ఆగమనే ఆజ్ఞ ఏదీ పోదు, ప్లేయర్ కొంత ముందుకు నింపుకున్నాక అడగడం మానేస్తుంది. ఇంత తేలికైన ఉపాయం వల్లనే సాధారణ వెబ్ సర్వర్లే లక్షలాది ప్రేక్షకులను మోయగలుగుతున్నాయి, కనుక ఈ మార్పును స్ట్రీమింగ్ చరిత్రలో అతి ముఖ్యమైనదిగా ఎంచాలి.

వెనక్కి జరిపినప్పుడు బొమ్మ కాస్త అటూ ఇటూ ఆగడానికి కారణం వేరు. వీడియోలో పూర్తి చిత్రాలు అక్కడక్కడే ఉంటాయి, మధ్యలో మార్పులు మాత్రమే నమోదవుతాయి. అందుచేత ప్లేయర్ దగ్గరలోని పూర్తి చిత్రం నుంచే మొదలుపెట్టాలి.

ఇలా ఆజ్ఞ పోయి జవాబు వచ్చే ఇంటర్నెట్ దారి పల్లెలకు చక్కగా అందడానికి ఫైబర్ ఎంతో తోడ్పడుతుంది. నేడు సిద్దిపేట జిల్లాలో ఉన్న గజ్వేల్ ప్రాంతపు కోమటిబండలో 2016 ఆగస్టు 7న మిషన్ భగీరథ తాగునీటి పథకం ప్రారంభమైంది; ఆ నీటి పైపుల కందకాల వెంబడే టీ-ఫైబర్ అనే ప్రభుత్వ ఇంటర్నెట్ సేవ తీగకు గొట్టాలు పరచడం తెలంగాణ చేసిన తెలివైన పని. 2024 డిసెంబరులో సంగారెడ్డి జిల్లా సంగుపేట సహా కొన్ని గ్రామాల్లో ఆ సేవ ప్రయోగాత్మకంగా మొదలైంది. ఇలాంటి సేవలను డౌన్‌లోడ్ వేగంతోనే కొలవడం చాలదు. మీట నొక్కిన తర్వాత సర్వర్ జవాబు ఎంతసేపటికి వస్తుందో కూడా పల్లెపల్లెలో కొలిచి చూడాలి.